సెల్ ఫోను కంపెనీని మార్చవలెనా? కొలిచి నిర్ణయించు విధము

పట్టణములోనైనను పల్లెలోనైనను సెల్ ఫోను లేని ఇల్లు నేడు అరుదు. బ్యాంకు పంపు రహస్యసంఖ్య మొదలు విద్యార్థి వినవలసిన పాఠము వరకు అనేకము దాని ద్వారానే వచ్చుచున్నవి. అట్టి ఫోనుకు ఇంటిలో సిగ్నలు సరిగా అందకున్నచో, వేరొక కంపెనీకి మారుదమని తోచుట సహజము. కాని పొరుగువారి మాటను బట్టియో, ప్రకటనను బట్టియో తొందరపడి మారినవారికి ఒక్కొక్కప్పుడు వెనుకటికంటె ఎక్కువ ఇబ్బంది కలుగును. ఒకసారి మారిన పిమ్మట 90 దినములు గడుచువరకు మరల మారుటకు వీలులేదు. పరీక్షల కాలమున ఒక విద్యార్థికి మూడు నెలలు తక్కువ కాలము కాదు. కావున మారుటకు ముందే కొలిచి చూచుట మేలు.

సంఖ్య మారదు, దారి మారును

పూర్వము కంపెనీని మార్చినచో ఫోను సంఖ్యయు మారెడిది. సంఖ్యను నిలుపుకొని కంపెనీని మాత్రమే మార్చుకొను సదుపాయము మన దేశమున 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికిని వ్యాపించినది. 2015 జూలై నుండి ఒక రాష్ట్రపు సంఖ్యను వేరొక రాష్ట్రమునకు కూడ తీసికొనిపోవచ్చును. ప్రతి సంఖ్యయు ఇప్పుడు ఏ కంపెనీకి చెందినదో తెలుపు పట్టిక యొకటి కలదు. మనము ఎవరికైనను ఫోను చేసినప్పుడు యంత్రములు మొదట ఆ పట్టికను చూచి, పిమ్మట పిలుపును సరియైన దారిన పంపును.

గీతలు కొలమానము కావు

ఫోను తెరపై కనబడు నాలుగైదు గీతలను చూచి సిగ్నలు బలమును నిర్ణయింపరాదు. ఎంత బలమునకు ఎన్ని గీతలు చూపవలెనో ఫోనును తయారుచేయువారే నిశ్చయింతురు. ఒక ఫోనులో మూడు గీతలు మరియొక ఫోనులో రెండు కావచ్చును. నిజమైన కొలత డి.బి.ఎమ్. అను ప్రమాణములో నుండును. పెక్కు ఫోనులలో ‘సెట్టింగ్స్’ లోనికి పోయి, ఫోను వివరములలో ‘సిమ్ స్టేటస్’ అను చోట దీనిని చూడవచ్చును.

ఇది సంవర్గమానములపై ఆధారపడిన ప్రమాణము. ఒక మిల్లీవాట్ సామర్థ్యము సున్న డి.బి.ఎమ్. అగును. పది తగ్గిన ప్రతిసారి సామర్థ్యము పదవ వంతగును. −80 అనగా మిల్లీవాట్‌లో పది కోట్లవ వంతు. −110 అనగా అందులోను వేయవ వంతు. 4జి సేవలో −80 చాల మంచి సిగ్నలు, −100 సామాన్యము, −120 వద్ద సంబంధము తెగిపోవుటకు సిద్ధముగా నుండును. 80 కంటె 110 పెద్ద సంఖ్య గదా యని విద్యార్థులు పొరబడరాదు. ముందు ఋణ చిహ్నము కలదు.

సిగ్నలు ఏల తగ్గును?

మొదటి కారణము దూరము. రెండవది గోడలు, కొండలు, చెట్లు మున్నగు అడ్డంకులు. ఇచట తరంగము పొడవు ముఖ్యము. 900 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 3500 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. పొడవైన తరంగములు అడ్డంకులను చుట్టి వచ్చుటయందును, గోడలను దాటుటయందును మేలైనవి. పొట్టి తరంగముల సేవకు సాధారణముగా విశాలమైన పౌనఃపున్య పట్టీ లభించుటచే, అవి ఎక్కువ సమాచారమును మోయగలవు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క ప్రాంతమున వేరువేరు పట్టీలు కలవు. అందువలననే వీధిలో వేగముగా పనిచేయు సేవ నడిమింటి గదిలో నీరసింపవచ్చును.

మూడవ కారణము రద్దీ. ఒక టవరు పంపగల సమాచారమునకు హద్దు కలదు. దానిని ఆ సమయమున వాడుచున్న వారందరును పంచుకొందురు. ఉదయము వేగముగా నడచిన పాఠము రాత్రి ఎనిమిది గంటలకు ఆగి ఆగి వచ్చుటకు తరచుగా ఇదియే హేతువు. సిగ్నలు బలముగా నున్నను ఈ చిక్కు కలుగును.

పరీక్ష చేయు విధము

మారదలచిన కంపెనీ సిమ్ కార్డు కలవారు బంధువులలోనో స్నేహితులలోనో ఉందురు. వారిని రెండు దినములు మన యింటికి రమ్మని కోరవచ్చును. లేదా మన ఫోనులో వారి కార్డును కొంతసేపు ఉంచి చూడవచ్చును. ఫోను ఒక్కటే, చోటు ఒక్కటే, సమయము ఒక్కటే కావలెను. 4జి కొలతను 4జి కొలతతోనే పోల్చవలెను. ఉదయము, సాయంకాలము, రాత్రి మూడుమార్లు డి.బి.ఎమ్. ను, వేగమును వ్రాసికొనవలెను.

ఫలితములను ఇట్లు గ్రహింపవచ్చును. అన్ని వేళల బలము తక్కువయైనచో దూరమో అడ్డంకియో కారణము. బలమైన సిగ్నలు గల కంపెనీకి మారుట ఫలించును. బలముండి రాత్రివేళ మాత్రమే వేగము తగ్గినచో రద్దీ కారణము. రెండవ కంపెనీ ఆ వేళ ఎట్లు నడచుచున్నదో చూచియే మారవలెను. అదే కంపెనీ కార్డు ఇతరుల ఫోనులో బాగుగా పనిచేసినచో దోషము మన ఫోనుది. ఇంటిలో వైఫై ఉన్నచో దాని ద్వారా మాటలాడు సదుపాయముతోనే చిక్కు తీరవచ్చును. అనేక చోట్ల ఒకే టవరుపై రెండు మూడు కంపెనీల పరికరములు ఉండునని కూడ గుర్తుంచుకొనవలెను. అట్టి చోట కంపెనీ మారినను దూరము మారదు.

ఖర్చు లెక్క

28 దినముల పథకము నెల పథకము కాదు. సంవత్సరమునకు 12 కాక 13 మార్లు చెల్లించవలసి వచ్చును. కావున వెలను దినములచే భాగించి పోల్చవలెను. మిగిలిన గడువు కొత్త కంపెనీకి బదిలీ కాదు. 84 దినములకు 840 రూపాయలు చెల్లించి 24వ దినమున మారినచో 600 రూపాయలు పోవును. గడువు ముగియు సమయమున మారుట లాభకరము.

మారదలచినచో

‘పోర్ట్’ అను మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి, కొంచెము ఖాళీ విడిచి, తన పది అంకెల సంఖ్యను చేర్చి 1900కు పంపవలెను. ఎనిమిది అక్షరముల, అంకెల సంకేతము వచ్చును. మన తెలుగు రాష్ట్రములలో అది నాలుగు దినములు చెల్లును. దానిని, గుర్తింపు పత్రమును తీసికొని కార్డు ఎవరి పేర నున్నదో వారే కొత్త కంపెనీ దుకాణమునకు పోవలెను. తండ్రి పేర నున్న కార్డును కుమారుడు మార్పింపజాలడు. బిల్లు బాకీ యున్నను అభ్యర్థన తిరస్కరింపబడును. ఒకే సేవాప్రాంతములో మూడు పనిదినములలో మార్పు ముగియును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును ఒకే సేవాప్రాంతము. మార్పు జరుగు వేళ సుమారు నాలుగు గంటలు ఫోను పనిచేయకపోవచ్చును. పోయిన కార్డుకు బదులు కొత్తది తీసికొన్న ఏడు దినముల వరకు సంకేతము ఇయ్యబడదు. మోసగాండ్రు ఇతరుల సంఖ్యలను కాజేయకుండ 2024 జూలై 1 నుండి ఈ నియమము అమలులోనికి వచ్చినది. ఆ సంకేతమును ఇతరులకు తెలుపరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక ప్రయోగముగా చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తన యింటివద్ద మూడు వేళల కొలతలు తీసి తెచ్చినచో, గ్రామపటముపై వానిని గుర్తింపవచ్చును. ఏ వీధిలో ఏ కంపెనీ మేలో ఊరివారికి తెలియును. సంవర్గమానములు ఎందుకు ఉపయోగపడునో విద్యార్థులకు తెలియును.