ఉక్కు తెగేముందు ఏం జరుగుతుంది?

బలపాన్ని వంచితే టక్కున విరుగుతుంది. రాగితీగ అలా కాదు. వంచితే వంగుతుంది, లాగితే సాగుతుంది. కాని సాగే లోహాలు కూడా చివరకు తెగుతాయి గదా! ఎప్పుడు తెగేదీ ముందే లెక్కకట్టి చెప్పవచ్చునా?

దీనికి జవాబు వెతకటానికి మనం విజయనగరం జిల్లాకు వెళ్ళాలి. అక్కడ చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల నేలలో మాంగనీసు ఖనిజం ఉన్నది. మన దేశంలో మాంగనీసు తవ్వకాలు మొట్టమొదట మొదలైనది ఈ ప్రాంతంలోనే, 1890ల తొలి రోజులలో. ఆ నల్లరాయి ఓడలెక్కి విదేశాలకు పోయింది.

ఉక్కుకు మాంగనీసు దేనికి? ఖనిజం నుంచీ, బొగ్గు నుంచీ కొంచెం గంధకం ఉక్కులో చేరుతుంది. అది ఇనుముతో కూడితే 988 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే కరిగిపోతుంది. ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య నొక్కేటప్పుడు, అలా కరిగినచోటల్లా పగుళ్ళు పుడతాయి. మాంగనీసు ఉంటే, గంధకాన్ని ఇనుముకు దక్కనివ్వక తానే పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసిన పలుకులు 1600 డిగ్రీలు దాటితే గాని కరగవు. ఉక్కు బతికిపోతుంది.

కాని ఆ పలుకులు ఉక్కులోనే ఉండిపోతాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో కొన్ని వెయ్యోవంతులు మాత్రమే!

తడిపిన గోధుమపిండిలో నాలుగు శనగపలుకులు కలిపి, ముద్దను మెల్లగా లాగి చూడండి. పిండి సాగుతుంది, పలుకు సాగదు. పలుకు పక్కన సందు ఏర్పడుతుంది. ఉక్కులోనూ ఇంతే. కడ్డీని బలంగా లాగితే నడుమ సన్నబడుతుంది. లోపల పలుకుల చుట్టూ బొల్లులు పుడతాయి, పెరుగుతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. అప్పుడు కడ్డీ తెగుతుంది. గుండ్రని కడ్డీ అయితే తరచుగా ఒక ముక్క చివర గిన్నెలాగా, రెండోది ఆ గిన్నెలో ఇమిడే మొనలాగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తెగినచోట అంతా చిన్న చిన్న గుంటలే.

ఈ బొల్లుల పెరుగుదలను 1968లో మెక్లింటాక్, 1969లో రైస్, ట్రేసీ లెక్కకట్టారు. ఒకవైపు నుంచే లాగితే బొల్లు నెమ్మదిగా పెరుగుతుంది. అన్నివైపుల నుంచీ లాగితే ఎన్నోరెట్లు త్వరగా పెరుగుతుంది. గాటుపడ్డ లోహం లోపల జరిగేది ఇదే. అందుకే గాటు ప్రమాదం. బొల్లులున్న లోహం ఎంత బలానికి లొంగుతుందో 1977లో గర్సన్ సూత్రం కట్టాడు. 1984లో ట్వెర్గార్డ్, నీడిల్‌మన్ అందులో బొల్లులు కలిసిపోవటాన్ని కూడా చేర్చారు.

ఇప్పుడు ఇంజనీర్లు కంప్యూటరులో ఉక్కును వేలాది చిన్న గళ్ళుగా విభజిస్తారు. బలం పెరిగేకొద్దీ ఒక్కొక్క గడిలో బొల్లుల పాలు ఎంతయిందో లెక్కిస్తారు. అది హద్దు దాటిన గడి బలం కోల్పోతుంది. చీలిక పక్క గడికి పాకుతుంది. అయితే ముందుగా చిన్న ముక్కను నిజంగా లాగి తెంపి, లెక్కను దానితో సరిచూసుకోవాలి. గ్యాసు గొట్టం ఎంత ఒత్తిడికి ఆగుతుందో ఇలా అంచనా వేస్తారు. గొట్టం తెగిన తరువాత తెలుసుకుంటే ఏం లాభం?

ఉక్కు చేసేవారు ఊరుకోలేదు. గంధకాన్ని వీలైనంత తగ్గిస్తున్నారు. రోలర్ల కింద పలుకులు దారాల్లా సాగిపోకుండా కొంచెం కాల్షియం కలిపి, వాటిని గుండ్రంగా ఉంచుతున్నారు. ఎంత పెద్ద వంతెనకైనా బలం, బలహీనం ఈ కంటికి కనిపించని పలుకులలో ఉన్నాయన్నమాట!