కాడి బరువు

మాఘమాసములో ఒక ఉదయము మా పాఠశాలకు అరక్రోసు దూరములోనున్న కాలువగట్టు మీద ఒక ట్రాక్టరునుండి ట్రాలీ ఊడిపోయినది. ట్రాక్టరు గట్టు ఎక్కుచుండగా రెంటినీ కలుపు పిన్ను పైకి జారిపోవుటచే, వడ్ల బస్తాలతో నిండిన ఆ ట్రాలీ వెనుకకు దొర్లి కాలువలో పడినది. మనుష్యులెవ్వరికిని దెబ్బ తగులలేదు. తడిసిన వడ్లను ఎండబెట్టుకొనుటకు యజమానికి వారము దినములు పట్టినది. ఇందులో వ్రాయదగిన విశేషమేమున్నదని చదువరులు అడుగవచ్చును. ముందునాటి సాయంకాలము అదే ట్రాలీలో ఇరువది యిద్దరు పొరుగూరి జాతరకు పోయి, రాత్రి తిరిగి వచ్చిరి. వారిలో మా తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు. ఆ పిన్ను అప్పుడును అదియే. పిన్ను అనుటయు మర్యాదకే. అసలు పిన్ను ఎన్నడో పోగా, దాని స్థానమున దూర్చిన ఇనుపకడ్డీ ముక్క అది.

ఆ నలుగురును మరునాడు తరగతిలో ఈ వృత్తాంతమును నవ్వుచు చెప్పిరి. మాకు నవ్వు రాలేదు. తెలుగు పాఠము చెప్పుకొనువారికి ట్రాలీల గొడవ యేలయని ఊరకుండలేక, మేము మెకానిక్కులను, డ్రైవర్లను, పూర్వము బండి తోలిన వృద్ధులను అడిగి తెలిసికొన్నదానిని, కొన్ని గ్రంథములలో చదివినదానిని చేర్చి యిచ్చట వ్రాయుచున్నాము. మా విద్యార్థుల ఇండ్లలో సగమింటికి పైగా ట్రాక్టరు కలదు, లేదా ట్రాక్టరు తోలువారు కలరు. కాన ఇది వారికి పరాయి విషయము కాదు.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట, కాలువ నీరు పారిన మేర మా బళ్లారి సీమలో వరిమళ్లు పెరిగినవి. పంట పెరిగిన కొలది బరువు పెరిగినది. ఎడ్లబండి తగ్గి ట్రాక్టరు వచ్చినది. మైలార జాతరకు నేటికిని బండ్లు కట్టుకొని పోవువారు కలరుగాని, ఊరి పనులలో బండి అరుదైనది. బండితో పాటు బండివాని విద్యయు మరుగుపడినది. ట్రాలీకి కావలసిన జ్ఞానములో ముఖ్యభాగము ఆ విద్యలోనే యున్నదని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

మాకు ఆ సంగతి చెప్పినవాడు నలువదేండ్లు బండి తోలిన యొక పెద్ద. ఆయన మాటలనే వ్రాయుచున్నాము: “అయ్యవారూ, బండి నింపినాక మొదట కాడి ఎత్తి చూడాల. ఒంటిచేత్తో లేచిందా, వెనక బరువు. ఇద్దరు పట్టినా లేవలేదా, ఎద్దు మెడ పోతాది. ఒక మనిషి ముక్కుతా మూలుగుతా ఎత్తగలిగితే అదీ తూగు.” తూగు అను మాట ఎంత చక్కనిది! ఇరుసుకు ముందు కొంచెము బరువు ఎక్కువగా నుండి, కాడి మెత్తగా మెడమీద ఆనవలెను. వెనుక బరువైనచో కాడి పైకి లేచి పలుపులు ఎద్దు గొంతును నొక్కును. ముందు బరువు మితిమీరినచో మెడ పుండగును.

ఇచ్చట ఒక చిన్న మాట. మా బాలురు రెండు భాషల నడుమ పెరుగువారగుటచే ‘నొగ’ అని ఒకడనగా మరియొకడు వేరొకటి తలచును. తెలుగున నొగ యనగా బండి పొడుగున సాగి కాడిని చేరు కొయ్య. కన్నడమున నొగ యనగా ఆ కాడియే. ఇరుగుపొరుగు భాషలు ఒకే మాటను పంచుకొని, దానిని బండిపై చెరియొక చోట నిలిపినవి. పరీక్షలో వ్రాయునపుడు జాగ్రత్త.

ఇక ట్రాలీ. రెండు చక్రముల ట్రాలీకి ముందుకు సాగిన దూలమే నొగ, ట్రాక్టరు కొక్కెమే కాడి, ట్రాక్టరే ఎద్దు. మా గణిత ఉపాధ్యాయుల సహాయముతో వేసిన లెక్క యిది. ఇరుసునుండి కొక్కెమునకు 3 మీటర్ల దూరమనుకొందము. ట్రాలీయు సరకును కలిసి 4000 కిలోలు. ఆ బరువు కేంద్రము ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందున్నచో, కొక్కెముపై పడు బరువు 4000 × 0.3 ÷ 3, అనగా 400 కిలోలు. మొత్తములో పదియవ వంతు. అదే కేంద్రము ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనుక నున్నచో, ఆ 400 కిలోలు కొక్కెమును క్రిందికి నొక్కుటకు బదులు పైకి తన్నును. అడుగు ముందు, అడుగు వెనుక. ఫలమునందు 800 కిలోల తేడా.

పైకి తన్నినపుడు ట్రాక్టరు వెనుక చక్రములకు నేలపై పట్టు తగ్గును. లాగుటకును, ఆపుటకును ఆ పట్టే ఆధారము. కాలువగట్టు మీద జరిగినది ఇదియే. దింపుటకు సులభమని బస్తాలను వెనుకవైపునకే పేర్చిరి. గట్టు ఎక్కునపుడు బరువు ఇంకను వెనుకకు వాలినది. ట్రాలీ ముందరి కన్ను పైకి తన్ని, అడుగున తాళములేని కడ్డీని తనతో లేపినది.

అట్లని బరువునంతయు ముందునకు తోయుటయు తగదు. కొక్కెము ట్రాక్టరు వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెలుపల నున్నదనుకొన్నచో, ముందు వెనుక ఇరుసుల నడుమ రెండు మీటర్ల దూరముగల ట్రాక్టరుపై ఆ 400 కిలోలు ముందు చక్రములనుండి 120 కిలోల బరువును ఎత్తివేయును. 400 అయిన సరే. 1000 కిలోలైనచో స్టీరింగు ఎటు త్రిప్పినను ముందు చక్రములు వినవు. మరియు ట్రాలీని ట్రాక్టరు అడుగున, ఇరుసుకంటె దిగువనున్న కొక్కెమునకే తగిలింపవలెను. పైనున్న కడ్డీలకు కట్టి లాగినచో ముందు చక్రములు లేచి, రెప్పపాటులో ట్రాక్టరు తోలువానిమీదనే వెనుకకు తిరగబడగలదు. నాలుగు చక్రముల ట్రాలీకి కొక్కెముపై బరువు అంతగా పడదు. దానికి తూగుకంటె పిన్ను, బ్రేకు ముఖ్యములు.

ఈ తూగు మన పల్లెలకే పరిమితమైనది కాదు. అమెరికాలో సెలవు దినములలో కారు వెనుక ఇంటినే తగిలించుకొని కుటుంబములు దేశము తిరుగును. వాలీ బయామ్ అను నాతడు స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో అల్యూమినియము రేకుతో చేసిన ‘క్లిప్పరు’ అను చక్రముల ఇల్లు అందు ప్రసిద్ధమైనది. అట్టి బండ్లకు అక్కడి కరదీపికలు చెప్పు మొదటి నియమము, మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెముపై నుండవలెనని. మన పెద్దాయన ముక్కుతూ మూలుగుతూ చూచిన తూకమును వారు త్రాసుతో చూచిరి, అంతే. వెనుక బరువైన బండి వేగమందుకొన్నపుడు తోక ఊపినట్లు ఇటునటు ఊగనారంభించును. ఊపు పెరిగినచో కారును సైతము త్రిప్పివేయును. అట్టి సమయమున స్టీరింగును విదిలింపరాదు, కారు బ్రేకును తొక్కరాదు. కాలు మెల్లగా తీసి వేగము తగ్గనీయవలెను. వెనుక బండికి ప్రత్యేకముగా బ్రేకు మీట యున్నచో దానిని మాత్రమే వాడవలెను. అపుడు వెనుకబండి వెనుకకు లాగి, రెండును ఒక వరుసకు వచ్చును. ఇంకొకటి: పిన్ను ఊడినను నొగ నేల గుచ్చుకొనకుండ, రెండు గొలుసులను దాని క్రిందుగా అడ్డముగా దాటించి కట్టుదురు. ఊడిన నొగ ఆ గొలుసుల ఊయలలో పడును. మా ఊరి ట్రాలీలను లెక్కించితిమి. గొలుసు కలది ఒక్కటియు లేదు.

పిన్ను విషయము పెద్దది కాదు. రంధ్రమునకు సరిపడు లావు గల గట్టి ఉక్కు పిన్ను, దాని అడుగున లేచిరాకుండ చిన్న తాళపు చీల. బండికి కడచీల ఎట్టిదో దీనికి అది అట్టిది. కొక్కెము అరిగి సన్నబడినదేమో చూడవలెను. అతుకు వేయించుకొన్న కొక్కెమును మేము నమ్మము.

టైర్ల సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన ట్రాలీలకు వచ్చు పీడలలో అధికభాగము టైర్లవలననే. ట్రాలీ సంవత్సరములో కొన్ని నెలలే తిరిగి, తక్కిన కాలము ఎండలో నిలిచియుండును. టైరు అరుగుటవలననే చెడునని మనము తలంతుము. నిలిచియున్న టైరు అరుగకయే చెడును. ఎండకును గాలికిని రబ్బరు బిరుసెక్కి ప్రక్కగోడలపై సన్నని బీటలు పడును. గాళ్లు లోతుగా నుండుటచే అది క్రొత్తదివలె కన్పట్టును. నిండు బరువుతో పదిమైళ్లు పోవునప్పటికి పగులును. టైరు పుట్టిన దినము దాని ప్రక్కగోడపైనే కలదు. నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. మా విద్యార్థులు తమ ఇంటి ట్రాలీపై ఈ ముద్ర వెదకి వ్రాసికొని వచ్చిరి. ఒకనికన్న ఒకని టైరు పెద్దది. ఒక టైరు వయస్సు దానిని చూచి వచ్చిన బాలునికంటె ఎక్కువ! లారీకి పనికిరాదని తీసివేసిన టైరును ట్రాలీకి వేయు వాడుక దీనికి కారణము. లారీకి పనికిరానిది ట్రాలీకి ఎట్లు పనికివచ్చునో మాకు బోధపడలేదు.

గాలి తక్కువైనచో టైరు గోడలు చక్రము తిరిగినప్పుడెల్ల వంగి లేచుచుండును. తీగను పలుమార్లు వంచి చూడుడు, వేడెక్కును, టైరును అంతే. ఆ వేడియే దానిని చంపునది. కాబట్టి బయలుదేరకముందు, టైరు చల్లగా నున్నపుడే గాలి చూడవలెను. తిరిగి వచ్చిన పిమ్మట చూచిన కొలత వేడివలన ఎక్కువగా కన్పించి మోసపుచ్చును. దుక్కిలో పట్టుకొరకు ట్రాక్టరు పెద్ద టైర్లలో గాలి తక్కువగా నుంతురు. ట్రాలీ టైర్లకు దానికంటె ఎంతయో ఎక్కువ కావలెను. ఎంతయన్నది టైరు గోడపై ముద్రించియే యుండును. ఒకే ఇరుసుపై రెండు చక్రములకును ఒకే గాలి యుండవలెను; లేనిచో ట్రాలీ ఒక ప్రక్కకు ఒరగును. పని లేని నెలలలో ఇరుసు క్రింద కొయ్యదిమ్మలు పెట్టి చక్రములను నేలనుండి లేపి, టైర్లపై గోనెలు కప్పినచో వాని ఆయువు పెరుగును.

చక్రము నడుమనుండు బేరింగులకు గ్రీజు కావలెను. పూర్వము ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టములో పోసి బండికి వ్రేలాడగట్టుకొని పోయెడివారు. కందెన కావలసినప్పుడు బండి అరచి చెప్పును. ట్రాలీ చెప్పదు. కొంతదూరము పోయి ఆగి చక్రపు కుండపై చేయి దగ్గరగా పెట్టి చూడవలెను. ఒకటి చల్లగా, ఒకటి కాలుచు నున్నచో లోపల చెడుచున్నదని తెలియవలెను. చక్రము మార్చిన దినమున బోల్టులను ఎదురెదురుగా బిగించి, కొంత దూరము నడచిన పిమ్మట మరల బిగించుట మరువరాదు.

బ్రేకు. ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. నిండిన ట్రాలీ దానికి రెండింతలు, ఒక్కొక్కప్పుడు మూడింతలు. చిన్నది పెద్దదానిని లాగుట సులభము, ఆపుట కష్టము. ట్రాలీకి సొంత బ్రేకు లేనిచో, ట్రాక్టరు ఆగినను అది ఆగక ముందునకు తోసి, మడతకత్తివలె రెంటినీ మడిచివేయును. వేగము గంటకు 15 కిలోమీటర్లనుండి 30కి పెరిగినచో ఆపవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. ట్రాక్టరుకు ఎడమ కుడి చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో మలుపుకొరకు అవి విడిగా నుండవలెను. రోడ్డెక్కునపుడు రెంటినీ కలుపు కొక్కెము తప్పక వేయవలెను. ఒక్కటే తొక్కబడినచో బండి ఆ ప్రక్కకు గిరుక్కున తిరుగును. దిగువకు పోవునపుడు గేరు తీసి డీజిలు మిగిల్చినామనుకొనువారు, అర లీటరు నూనెకు తమ ప్రాణమును తాకట్టు పెట్టినవారు.

జాతర మాటకు వచ్చెదము. ట్రాలీ సరకుల బండి. అందు జనమును ఎక్కించుట చట్టసమ్మతము కాదు. చట్టము అటుంచి, తూగునే చూతము. బస్తా పెట్టినచోట నుండును. మనిషి ఉండడు. చల్లగాలికి పిల్లలు వెనుక అంచున కాళ్లు వ్రేలాడవేసి కూర్చుందురు. అదియే వెనుక బరువు. పెద్దలు లేచి నిలువగా బరువు ఎత్తునకు పోవును. మలుపులో అందరును ఒక ప్రక్కకే ఒరుగుదురు. పట్టుకొనుటకు ఏమియు లేదు. రాత్రి బస్సు లేనందుననే ట్రాలీ ఎక్కితిమని ఆ బాలుర తండ్రులు మాతో అనిరి. అది నిజమే, కాదనలేము. అయినను బస్సు లేకుండుట ట్రాలీ తూగును మార్చదు. ఈసారి జాతరకు పోవువారు పగలే బయలుదేరి చీకటిపడక మునుపే చివరి బస్సుకు రావలెనని, పూర్తి రాత్రి ఉండదలచినవారు అక్కడి బంధువుల ఇండ్లలోనే ఉండవలెనని ఆ తండ్రులతోనే కూర్చుండి అనుకొంటిమి.

చివరగా, నిలిపియున్న ట్రాలీ. వెనుక ఎర్రని ప్రతిఫలక పట్టీ లేని ట్రాలీ చీకటిలో రోడ్డుమీద గోడవంటిది. మోటారు సైకిలు వచ్చువానికి మిక్కిలి దగ్గరకు వచ్చువరకు అది కనబడకపోవచ్చును. పట్టీ వెల స్వల్పము. దుమ్ము పట్టినపుడెల్ల తుడువవలెను. పంక్చరైనపుడు చక్రముల క్రింద పెద్ద రాళ్లు పెట్టి, పని కాగానే ట్రాలీని తోలుకొనిపోయి, రాళ్లను నడిరోడ్డున విడిచిపోవుట మా త్రోవలో తరచుగా చూచుచున్నాము. మొన్న సాయంకాలము సైకిళ్లపై ఇంటికి పోవుచు మా ఎనిమిదవ తరగతి బాలురు అట్టి రాళ్లను మూడింటిని దొర్లించి గట్టు క్రింద పడవేసిరి. ఒక రాతికి ముగ్గురు పట్టవలసివచ్చెనట.