కృత్రిమ తీపి పదార్థాల భద్రత – సహజ ప్రత్యామ్నాయాలు: కొల్లేరు పరిసర ప్రాంతానికి అన్వయం

ఉపోద్ఘాతం

ఆకివీడు, ఉండి, భీమవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు పరిసరాలలో తీపి అనగానే మొదట స్ఫురించేవి చెరకు, తాటిచెట్టు. తణుకులో 1947లో స్థాపితమైన ఆంధ్రా షుగర్స్ సంస్థ ఈ ప్రాంతపు చెరకుకు పేరు తెచ్చినది. కాలువ గట్ల వెంబడి, చేపల చెరువుల గట్ల మీద తాటిచెట్లు నేటికీ విరివిగా కనిపిస్తాయి. అయితే గడచిన కొన్ని దశాబ్దాలలో ఈ తీపికి పోటీగా మరొకటి వచ్చినది. మందుల దుకాణంలో దొరికే తీపి మాత్రలు, ‘షుగర్ ఫ్రీ’ అను ముద్రతో అమ్మే మిఠాయిలు, ‘డైట్’ పానీయాలు పల్లెల వరకు చేరినవి.

దీనికి కారణం మధుమేహం. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతోను, 13.6 కోట్ల మంది దానికి ముందు దశలోను ఉన్నారు. ఈ పరిస్థితిలో విస్తరణ శాస్త్రవేత్తను గ్రామంలో తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఈ మాత్రలు వాడితే కేన్సర్ వస్తుందా? వీటికి బదులు బెల్లమో, తాటి బెల్లమో, తేనెయో వాడవచ్చునా? మొదటి ప్రశ్నలోని భయం ఉండవలసిన దానికంటె ఎక్కువ. రెండవ ప్రశ్నలోని ధైర్యం అంతకంటె ప్రమాదకరం. ఈ రెండింటినీ సరిదిద్దుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

తీపి వేరు, శక్తి వేరు

ఈ ప్రాంతపు రొయ్యల రైతుకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ప్రోబయాటిక్‌ను పులియబెట్టడానికి డ్రమ్ములో బెల్లం, తవుడు కలుపుతారు. బెల్లంలోని చక్కెర సూక్ష్మజీవులకు ఆహారం. అదే డ్రమ్ములో బెల్లానికి బదులు అంతే తీపినిచ్చే శాక్రిన్ వేసినచో పులియడానికి అది తోడ్పడదు. నాలుకకు రెండూ తీపే. కాని ఒకటి ఆహారం, రెండవది కేవలం రుచి.

ఒక గ్రాము చక్కెర 4 కిలోకేలరీల శక్తినిస్తుంది. కృత్రిమ తీపి పదార్థాలు నాలుకపై గల తీపి గ్రాహకాలను ప్రేరేపిస్తాయి. అయితే అవి చక్కెర కంటె వందల రెట్లు తీపి గనుక మిల్లీగ్రాములలోనే సరిపోతాయి. అందుచేత వాటి వలన లభించే శక్తి లెక్కింపదగినది కాదు.

ప్రధానమైన కృత్రిమ తీపి పదార్థాలు

శాక్రిన్: 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఐరా రెమ్సెన్ ప్రయోగశాలలో కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ కనుగొన్నాడు. చక్కెర కంటె 300 నుంచి 400 రెట్లు తీపి. చౌకగా దొరకుట వలన ఐసు పుల్లలు, రంగు పానీయాలు, వక్కపొడి మొదలైన వాటిలోకి ఎక్కువగా చేరినది ఇదే.

ఆస్పర్టేమ్: 1965లో జేమ్స్ ష్లాటర్ కనుగొన్నాడు. సుమారు 200 రెట్లు తీపి. జీర్ణక్రియలో ఇది ఫినైల్ అలనిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, కొద్దిపాటి మిథనాల్‌గా విడిపోతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అను జన్యులోపం గలవారు దీనిని వాడరాదు. వేడికి విచ్ఛిన్నమై తీపి కోల్పోతుంది.

ఎసిసల్ఫేమ్ పొటాషియం: 1967లో జర్మనీలో కనుగొన్నారు. సుమారు 200 రెట్లు తీపి. చాలా పానీయాలలో ఇతర తీపి పదార్థాలతో కలిపి వాడతారు.

సుక్రలోజ్: 1976లో లండన్‌లో లెస్లీ హఫ్ ప్రయోగశాలలో శశికాంత్ ఫడ్నీస్ కనుగొన్నాడు. చక్కెర అణువులోని మూడు హైడ్రాక్సిల్ సమూహాల స్థానంలో క్లోరిన్ పరమాణువులను చేర్చగా ఇది ఏర్పడుతుంది. సుమారు 600 రెట్లు తీపి.

భద్రతను నిర్ణయించు విధానం

జంతువులపై దీర్ఘకాలిక ప్రయోగాలలో ఎట్టి హాని చూపని అత్యధిక మోతాదును గుర్తించి, సాధారణంగా దానిని 100తో భాగించగా వచ్చునది ‘అంగీకృత దైనిక పరిమితి’. జీవితాంతం ప్రతిదినం తీసుకున్నను హాని కలుగదని భావించే మోతాదు ఇది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం (జెక్ఫా) కిలో శరీర బరువుకు నిర్ణయించిన పరిమితులు ఇవి.

ఆస్పర్టేమ్ – 40 మి.గ్రా.
సుక్రలోజ్ – 15 మి.గ్రా.
ఎసిసల్ఫేమ్ పొటాషియం – 15 మి.గ్రా.
శాక్రిన్ – 5 మి.గ్రా.
స్టీవియాల్ గ్లైకోసైడ్లు – 4 మి.గ్రా. (స్టీవియాల్ రూపంలో)

60 కిలోల బరువు గల వ్యక్తికి ఆస్పర్టేమ్ పరిమితి దినమునకు 2,400 మి.గ్రా. ఒక మాత్రలో 20 మి.గ్రా. ఉన్నదనుకొన్నచో ఇది 120 మాత్రలకు సమానం. కాఫీలో రెండు మాత్రలు వేసుకొనే వ్యక్తి ఈ పరిమితికి చాలా దూరంలో ఉన్నాడు.

పిల్లల విషయంలో లెక్క మారుతుంది. 15 కిలోల బరువు గల బిడ్డకు శాక్రిన్ పరిమితి దినమునకు 75 మి.గ్రా. మాత్రమే. లీటరుకు 100 మి.గ్రా. శాక్రిన్ గల రంగు పానీయాన్ని ఉదాహరణగా తీసుకొందాం. 200 మి.లీ. గ్లాసులో 20 మి.గ్రా. ఉంటుంది. వేసవిలో ఆ బిడ్డ నాలుగు గ్లాసులు త్రాగినచో పరిమితి దాటినట్లే. కొలత లేకుండ కలిపే చోట ఇంకను త్వరగా దాటవచ్చును. కనుక ఈ ప్రాంతంలో మొదట దృష్టి పెట్టవలసినది మధుమేహ రోగి వాడే మాత్రపై కాదు, బడి ముందర అమ్ముడుపోయే లేబులు లేని పానీయంపై.

కేన్సర్ భయం – వాస్తవం

1970లలో శాక్రిన్‌ను అధిక మోతాదులో తిన్న ఎలుకలలో మూత్రాశయ కేన్సర్ కనిపించినది. 1977లో అమెరికాలో శాక్రిన్ గల వస్తువులపై హెచ్చరిక తప్పనిసరి అయినది. తరువాతి పరిశోధనలు దీని కారణాన్ని వివరించినవి. మగ ఎలుకల మూత్రంలో శాక్రిన్ వలన కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయపు పొరను గాయపరచును. మానవ మూత్రపు స్వభావం వేరు గనుక ఈ క్రియ మనుషులకు వర్తించదు. 2000లో అమెరికాలో ఆ హెచ్చరికను తొలగించారు.

2023 జూలైలో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను ‘బహుశా కేన్సర్ కారకం కావచ్చు’ అను 2బి వర్గంలో చేర్చినది. అదే సమయంలో జెక్ఫా 40 మి.గ్రా. పరిమితిని మార్చనవసరం లేదని ప్రకటించినది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. మొదటిది హాని కలిగించు అవకాశానికి గల సాక్ష్యం ఎంత బలమైనదో చెప్పును. రెండవది ఎంత మోతాదులో ప్రమాదమో చెప్పును. 2బి వర్గం పరిమిత సాక్ష్యానికి సంకేతమే గాని ప్రమాద తీవ్రతకు కొలమానం కాదు.

అయితే సందేహాలన్నియు తీరినట్లు కాదు. ఫ్రాన్సులో లక్షకు పైగా వయోజనులపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనం, కృత్రిమ తీపి పదార్థాలను అధికంగా వాడేవారిలో కేన్సర్ ముప్పు సుమారు 13 శాతం ఎక్కువగా ఉన్నదని గుర్తించినది. ఇది పరిశీలనాత్మక అధ్యయనం. ఊబకాయం గలవారే ఈ పదార్థాలను ఎక్కువగా వాడుట కూడా ఇట్టి ఫలితానికి కొంత కారణం కావచ్చును. అదే సంవత్సరం 120 మంది ఆరోగ్యవంతులపై జరిగిన ప్రయోగంలో, రెండు వారాల పాటు శాక్రిన్, సుక్రలోజ్ తీసుకొన్న వారిలో గ్లూకోజు స్పందన మారినట్లు, ఆ మార్పు ఒక్కొక్కరి ప్రేగులలోని సూక్ష్మజీవులను బట్టి వేరుగా ఉన్నట్లు తేలినది.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకం ఇక్కడ ముఖ్యం. శరీర బరువు తగ్గించుకొనుటకు గాని, జీవనశైలి వ్యాధులను నివారించుటకు గాని చక్కెర రహిత తీపి పదార్థాలపై ఆధారపడరాదని ఆ సంస్థ షరతులతో కూడిన సిఫారసు చేసినది. ఇది అప్పటికే మధుమేహం గలవారికి వర్తించదు. గమనించదగిన విషయమేమనగా, ఈ సిఫారసు పరిధిలో స్టీవియా కూడా ఉన్నది. ‘సహజం’ అను పేరు దానికి మినహాయింపు నీయలేదు.

సహజ ప్రత్యామ్నాయాలు – రెండు తరగతులు

సహజమైన తీపి పదార్థాలను ఒకే గాటన కట్టరాదు. ఇవి రెండు తరగతులు.

మొదటి తరగతి చక్కెరయే రూపం మార్చుకొన్నది. బెల్లం, తాటి బెల్లం, తేనె ఇందులోనివి. సున్నం పూసిన లొట్టిలో సేకరించిన తాటి నీరాలో సుమారు 10 నుంచి 13 శాతం చక్కెర ఉంటుంది. దానిని మరిగించగా వచ్చిన తాటి బెల్లంలో అధిక భాగం సుక్రోజే. చెరకు బెల్లంలో సుక్రోజుతో పాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. వీటిలో ఖనిజ లవణాలు ఉన్న మాట నిజమే. కాని మధుమేహ రోగి రక్తంలోకి చేరునది చక్కెరయే. తాటి బెల్లం ‘షుగర్ ఉన్నవారికి మంచిది’ అను ప్రచారాన్ని శాస్త్రవేత్త స్పష్టంగా ఖండించాలి.

ఆరోగ్యవంతుల విషయం వేరు. వారు శుద్ధి చేసిన చక్కెరకు బదులు, అంతే లేక అంతకంటె తక్కువ పరిమాణంలో, తాటి బెల్లం వాడుట సమంజసమే. గీత కార్మికులకు కల్లు కంటె మేలైన ఉపాధి కూడా. వెంకటరామన్నగూడెం కేంద్రంగా గల డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి పరిశోధన స్థానంలో తాటిపై, నీరా ఉత్పత్తులపై కృషి చేస్తున్నది. చెరకు బెల్లం కొనేటప్పుడు మెరిసే పసుపు రంగు కోసం హైడ్రాస్ కలిపినదానిని కాక ముదురు రంగు బెల్లాన్ని ఎంచుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 సిఫారసు ప్రకారం అదనపు చక్కెరల నుండి వచ్చు శక్తి మొత్తం శక్తిలో 10 శాతానికి లోపు ఉండవలెను. అనగా 2,000 కిలోకేలరీల ఆహారంలో 50 గ్రాములు. దానిని 25 గ్రాములకు తగ్గించగలిగినచో మరింత మేలు. బెల్లం, తేనె ఈ లెక్కలోనివే.

రెండవ తరగతి శక్తినీయని మొక్కల తీపి. ఇందులో ప్రధానమైనది స్టీవియా. పరాగ్వే దేశపు గ్వారానీ ప్రజలు తరతరాలుగా వాడిన ఈ మొక్క ఆకులలోని స్టీవియాల్ గ్లైకోసైడ్లు చక్కెర కంటె 200 నుంచి 300 రెట్లు తీపి. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2015లో వీటి వాడకాన్ని అనుమతించినది. జెక్ఫా పరిమితి శుద్ధి చేసిన గ్లైకోసైడ్లకే వర్తించును. ఇంట ఎండబెట్టిన ఆకు పొడికి అదే హామీ ఉన్నట్లు భావించరాదు.

ఈ ప్రాంతంలో స్టీవియా సాగు

స్టీవియా నీటి ముంపును సహించదు. ఆకివీడు, కొల్లేరు చుట్టుప్రక్కల నల్లరేగడి పల్లపు భూములు దీనికి అనుకూలం కావు. తాడేపల్లిగూడెం పరిసర మెరక ప్రాంతపు నీరు ఇంకే ఎర్ర గరప నేలలు నయం. విత్తనాల మొలక శాతం తక్కువ గనుక కొమ్మ కత్తిరింపుల ద్వారా ప్రవర్ధనం చేయుదురు. ఇది హ్రస్వ పగటి మొక్క. పూత వచ్చిన పిదప ఆకులలో గ్లైకోసైడ్లు తగ్గును కావున పూతకు ముందే కోయవలెను. ఆకును కొని శుద్ధి చేయు సంస్థతో ముందుగా ఒప్పందం లేకుండ రైతుకు ఈ పంటను సిఫారసు చేయరాదు.

వంటలో జాగ్రత్తలు

అరిసెలకు బెల్లం తీపితో పాటు పాకాన్ని, ఒడలును ఇస్తుంది. మాత్ర ఆ పని చేయలేదు. ఆస్పర్టేమ్‌ను పాయసంలో వేసి మరిగించరాదు. సుక్రలోజ్‌ను 120 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసినప్పుడు క్లోరిన్ గల హానికర సమ్మేళనాలు ఏర్పడవచ్చునని జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ 2019లో హెచ్చరించినది. కనుక నూనెలో వేయించే పిండివంటలలో దానిని వాడకుండుట మంచిది. ‘షుగర్ ఫ్రీ’ మిఠాయిలో పిండి, నెయ్యి, కోవా యథాతథంగా ఉండుననునది మరువరాదు.

మరువరాని మరి రెండు విషయాలు

మొదటిది అన్నం. కాఫీలో మాత్ర వేసుకొని కంచం నిండా తెల్లని అన్నం తినేవారికి ఆ మాత్ర వలన కలుగు మేలు స్వల్పం. ఆకివీడుకు ఎంతో దూరం లేని మారుటేరు పరిశోధన స్థానం నుండి 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029), అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరిశీలించిన 235 రకాలలో తక్కువ గ్లైసిమిక్ సూచిక గలవాటిలో ఒకటిగా తేలినది. ఆ రకాలలో సూచిక 48 నుంచి 92 వరకు ఉన్నది. రకం ఎంపిక, తక్కువ పాలిష్, కంచంలో తగ్గిన పరిమాణం, వీటి తరువాతనే తీపి మాత్ర.

రెండవది నీరు. సుక్రలోజ్ అధిక భాగం శరీరం నుండి మార్పు చెందకుండ విసర్జింపబడి, మురుగునీటి శుద్ధిలోను సులభంగా విచ్ఛిన్నం కాదు. అందుకే పలు దేశాలలో నదులలోకి మురుగునీరు చేరినదా అని తెలుసుకొనుటకు దీనిని గుర్తుగా వాడుచున్నారు. పట్టణాల మురుగు చేరే కొల్లేరులోను, ఆ నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులోను దీని స్థాయిలను కొలుచుట పరిశోధక విద్యార్థులకు ఉపయుక్తమైన అంశం. 2002 నుండి కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేల గనుక దీని ప్రాముఖ్యం అధికం.

ముగింపు

మధుమేహం గలవారు లేబులుపై పేరు స్పష్టంగా ఉన్న తీపి పదార్థాన్ని వైద్యుని సలహాతో పరిమితంగా వాడుట సురక్షితమే. పిల్లలకు, గర్భిణులకు ఇవి అనవసరం. బెల్లం, తాటి బెల్లం, తేనె రుచికరమైన సంప్రదాయ ఆహారాలే గాని మధుమేహానికి మందులు కావు. ఒక పదార్థం కృత్రిమమా, సహజమా అని కాక, అందులో ఏమున్నది, ఎంత తింటున్నాము, ఎవరు తింటున్నారు అని అడుగుట విస్తరణ కార్యకర్త గ్రామానికి నేర్పదగిన పద్ధతి. అన్నిటికంటె మేలైన ప్రత్యామ్నాయం తీపి అలవాటునే క్రమంగా తగ్గించుకొనుట. కాఫీలో రెండు చెంచాల చక్కెర వాడేవారు వారానికి కొంత చొప్పున తగ్గించినచో కొద్ది కాలంలోనే నాలుక ఆ రుచికి అలవాటుపడును.