సెల్యులోజ్ ఉత్పన్నాల అంతర్జాతీయ వాణిజ్యం: వర్గీకరణ – పరిమితులు

1. ఉపోద్ఘాతం:

వృక్షకణాల కవచాలలోని ప్రధాన పదార్థం సెల్యులోజ్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ దీనిని 1838లో వేరుచేశాడు. గ్లూకోజు ప్రమాణాలు గొలుసుకట్టుగా కలిసి ఏర్పడిన ఈ పదార్థం నీటిలో కరగదు. వేడిచేస్తే ద్రవించక మాడిపోతుంది. కనుక దీనిని రసాయనికంగా మార్చనిదే అచ్చుపోయడం, పూతగా పూయడం సాధ్యం కాదు. అలా మార్చగా లభించేవే సెల్యులోజ్ ఉత్పన్నాలు. ఇవి దేశాల సరిహద్దులు దాటేటప్పుడు ఏ సంఖ్యతో నమోదవుతాయో, ఆ నమోదు దేనిని మరుగుపరుస్తుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వర్గీకరణ స్వరూపం:

ప్రపంచ దేశాలు అనుసరిస్తున్న హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఇందులో ప్లాస్టిక్కులకు కేటాయించిన 39వ అధ్యాయంలోని 3912 శీర్షిక, ప్రాథమిక రూపంలో ఉన్న సెల్యులోజ్‌కు, దాని రసాయన ఉత్పన్నాలకు చెందింది. అసిటేట్లు 3912.11, 3912.12 కిందికి, నైట్రేట్లు 3912.20 కిందికి, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 3912.31 కిందికి వస్తాయి.

అయితే సెల్యులోజ్ ప్రయాణం ఈ ఒక్క శీర్షికకే పరిమితం కాదు. ముడిపదార్థమైన కలప 44వ అధ్యాయంలోను, గుజ్జు 47లోను ఉంటాయి. పత్తిగింజను అంటిపెట్టుకొని ఉండే పొట్టి నూగు, అంటే లింటర్లు, 1404.20లో చేరుతాయి. విస్కోస్ పోగు 55వ అధ్యాయానికి చెందుతుంది. పదార్థం ఒకటే అయినా, రూపం మారినప్పుడల్లా సంఖ్య మారుతుంది. దానితోపాటు సుంకమూ మారవచ్చు.

3. నైట్రేట్ – ద్వంద్వ ప్రయోజనం:

సెల్యులోజ్ నైట్రేట్‌లో నత్రజని సుమారు 12 శాతం, అంతకు తక్కువ ఉంటే అది కలప మెరుగులకు, ముద్రణ సిరాలకు, గోళ్ల రంగుకు ఉపయోగపడుతుంది. 13 శాతానికి చేరువైతే పొగరాని మందుగుండుకు ఆధారమవుతుంది. తయారైన మందుగుండు 3601 కిందికి వెళుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తీవ్రమైన తరువాత, చైనా లింటర్లపై తాము ఆధారపడి ఉన్నామని ఐరోపా ఆయుధ పరిశ్రమ బహిరంగంగానే ఆందోళన వ్యక్తం చేసింది. వ్యవసాయ ఉపోత్పత్తిగా నమోదైన నూగు రక్షణ వ్యవహారంగా మారడం ఇక్కడ గమనార్హం.

4. గుజ్జు వివాదం:

విస్కోస్ తయారీకి అవసరమైన కరిగే గుజ్జు 4702 కింద నమోదవుతుంది. అమెరికా, కెనడా, బ్రెజిల్ దేశాల గుజ్జుపై చైనా 2014లో యాంటీ డంపింగ్ సుంకం విధించింది. కెనడా ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ విచారణ మండలి 2017లో నివేదిక వెలువరించింది. దేశీయ పరిశ్రమకు నష్టం కలిగిందనడానికి చైనా చూపిన విశ్లేషణలోని లోపాలను అది ఎత్తిచూపింది.

5. తెలుగు నేలతో సంబంధం:

ములుగు జిల్లా కమలాపురంలోని రేయాన్ గుజ్జు కర్మాగారంలో ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. విదేశాల నుండి వచ్చే గుజ్జు 4702 కింద లెక్కకు వస్తుంది. ఇక్కడి కార్మికులు కోల్పోయిన ఉపాధి ఏ సంఖ్య కిందికీ రాదు.

హైదరాబాదు ఔషధ పరిశ్రమ మరొక ఉదాహరణ. మాత్రకు బిగువునిచ్చే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, కడుపులో మాత్ర విచ్చిపోవడానికి తోడ్పడే క్రాస్‌కార్మెలోజ్ రెండూ 3912కు చెందినవే. మాత్రగా ఎగుమతి అయినప్పుడు అవి 3004లో కలిసిపోతాయి. అప్పుడు వాటికి వేరే లెక్క ఉండదు.

6. ముగింపు:

3912 గణాంకాలను మాత్రమే చూసి సెల్యులోజ్ వాణిజ్యాన్ని అంచనా వేయడం సమంజసం కాదు. 1404, 4702, 3912, 55వ అధ్యాయం, 3004 – వీటిని కలిపి చదివినప్పుడే ముడిపదార్థం ఎక్కడిదో, విలువ ఎక్కడ పెరిగిందో అర్థమవుతుంది. అయినప్పటికీ రైతు, కార్మికుడు ఆ పట్టికల వెలుపలే ఉంటారు. వారి పరిస్థితిని క్షేత్ర పరిశీలన ద్వారా జోడించినప్పుడే ఈ అధ్యయనం పరిపూర్ణమవుతుంది.