తీగ మారినా మాట ఆగకూడదు

ఇంటి ఫోనును ఇంటర్నెట్‌కు మార్చేముందు తేల్చుకోవలసిన సంగతులు

దర్శి: ముందుగదిలో గోడ అల్మరా మీద, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, ఓ పాత ఫోను ఉంది. ఇంటాయన బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ ఆయన మాస్టారే. కొడుకు అమెరికాలో, కూతురు గుంటూరులో. సంక్రాంతికి ఇంటికి వచ్చిన కొడుకు ఆ ఫోనును చూసి నవ్వాడు. "ఇంకా ఇదెందుకు నాన్నా? ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుంటే ఫోను కూడా అందులోనే వస్తుంది. దేశంలో ఎక్కడికి ఎంతసేపు మాట్లాడినా విడిగా బిల్లుండదు. ఈ తీగ పీకించేయండి" అన్నాడు.

మాస్టారు కాగితం, కలం తీసి లెక్క వేశారు. పాత ఫోను అద్దె ఒకటి, సెల్‌ఫోన్ల రీఛార్జి ఒకటి, టీవీ కేబుల్ ఒకటి. అన్నీ కలిపితే కొడుకు చెప్పిందే నిజమని తేలింది. ఆయన సరేననబోతుండగా వంటింట్లో నుంచి ఆయన భార్య అడిగారు: "ఏరా అబ్బాయ్, కరెంటు పోతే అది మోగుతుందా?"

కొడుకు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

పాత ల్యాండ్‌లైన్ ఇంకా మిగిలి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న అడగదగిందే. బిల్లు ఎంత తగ్గుతుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. కరెంటు పోయిన రాత్రి ఏమవుతుందో చెప్పేవారు తక్కువ.

ట్రంకాల్ నాటి ముచ్చట

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఆ రోజుల్లో ఇంట్లో ఫోనుండడం గొప్ప సంగతి. పైఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవలసిందే. దేశంలో మొదటి ఎస్.టి.డి. లైను 1960లో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చింది. ఆ సౌకర్యం పల్లెపట్టులకు పాకడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ, ఎండకు దుమ్ముకు తట్టుకుని, ఏ.సి. గది లేకుండా పనిచేసే చిన్న ఎక్స్‌ఛేంజిని తయారుచేసింది. దాన్ని 1986లో కర్ణాటకలోని కిట్టూరులో తొలిసారి నెలకొల్పారు. ఆ తరువాతనే పల్లెల్లో ఫోన్లు, బజారుల్లో పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు పెరిగాయి.

పత్తి, మిర్చి పండించే ఈ ప్రాంతంలో ఫోను పెళ్ళి కబురుకు, చావు కబురుకు మాత్రమే పరిమితం కాలేదు. కళ్ళంలో మిర్చి ఎండుతుండగా రైతు ఫోనున్న ఇంటికి వచ్చేవాడు. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారికి ఫోను చేయించి, ఆ రోజు ధర తెలుసుకుని, బస్తాలు లారీకెత్తాలో రెండు రోజులు ఆగాలో తేల్చుకునేవాడు. మాస్టారి తమ్ముడు సేద్యగాడు. అన్నగారి ఇంటి ఫోను మీదే ఎన్నో ఏళ్ళు ధరలు కనుక్కున్నాడు. అందుకే ఆ నంబరు బంధువులకు, పాత శిష్యులకు, గుంటూరు వ్యాపారికి ఇప్పటికీ నోటికి వచ్చు.

రాగి తీగకు రోజులు దగ్గరపడ్డాయి

అలాగని పాత ఫోనును కలకాలం ఉంచుకుంటామనడానికీ వీలు లేదు. దేశంలో 2006 నాటికి సుమారు 5 కోట్ల ల్యాండ్‌లైన్లు ఉండేవి. సెల్‌ఫోన్ల ధాటికి 2020 నాటికి అవి 2 కోట్లకు దిగివచ్చాయి. ఆ తరువాత మళ్ళీ పెరిగి 2024 నాటికి 3 కోట్లు దాటాయి. పెరిగింది రాగి తీగల ఫోన్లు కావు, ఫైబర్ కనెక్షన్లతో కలిపి ఇచ్చిన ఫోన్లు.

రాగి తీగను చూసే మనుషులూ తగ్గారు. 2020 జనవరి 31న బి.ఎస్.ఎన్.ఎల్.లో ఒక్క రోజే 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. రోడ్డు వెడల్పుకో, మురుగుకాలువకో తవ్వినప్పుడు భూమిలోని కేబుల్ తెగితే, జతలు వెతికి అతికే పనివాడు దొరకడం కష్టమైంది. కొత్త రాగి కేబుల్ వేయడం ఏ సంస్థకూ గిట్టుబాటు కాదు. కనుక మారడమా మానడమా అన్నది ఎంతోకాలం మన చేతిలో ఉండే ప్రశ్న కాదు. ఎలా మారాలన్నదే మన చేతిలో ఉంది.

ఇంటర్నెట్ ఫోన్లు రెండు రకాలు

ఇంటర్నెట్ మీద మాట్లాడడం అంటే చాలామంది వాట్సాప్ కాల్ అనుకుంటారు. అది ఒక రకం. అటువైపు, ఇటువైపు అదే యాప్ ఉండాలి. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడడానికి అది చాలు. కాని అందులో 108కి గాని, 112కి గాని ఫోను చేయడం కుదరదు.

రెండో రకం వేరు. ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చి మోడెం అనే పెట్టెలో ముగుస్తుంది. ఆ పెట్టె వెనుక ఫోను తీగ గుచ్చే రంధ్రం ఉంటుంది. పాత ఫోనునే అందులో గుచ్చుకోవచ్చు. నంబరు ఉంటుంది, ఎవరికైనా చేయవచ్చు, ఎవరైనా చేయవచ్చు. మన మాటను ఆ పెట్టె చిన్న చిన్న ముక్కలుగా కోసి, అంకెలుగా మార్చి పంపుతుంది. అటువైపు మళ్ళీ కూర్చి వినిపిస్తుంది. ఇందుకు సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు. కనుక మాట స్పష్టత కోసం ఖరీదైన ప్లాను తీసుకోనక్కరలేదు. వేలితో తిప్పే పాత డయలు ఫోన్లు మాత్రం అన్ని మోడెంల మీదా పనిచేయవు. మీటల ఫోను ఉండాలి.

ఈ రకం సర్వీసు మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకు 149 రూపాయల నుంచి ప్లానులు మొదలయ్యాయి. బి.ఎస్.ఎన్.ఎల్., జియో, ఎయిర్‌టెల్ కూడా ఫైబర్‌తో పాటు ఫోను ఇస్తున్నాయి.

ఆ రాత్రి మోగిన ఫోను

మాస్టారి భార్య ప్రశ్న వెనుక ఒక రాత్రి ఉంది. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో గాలివాన వచ్చి సాయంత్రమే కరెంటు పోయింది. అర్ధరాత్రి దాటాక మాస్టారికి ఆయాసం ఎక్కువైంది. సెల్‌ఫోను చార్జింగు అయిపోయి ఆరిపోయి ఉంది. ఆమె చీకట్లో గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, చేత్తో తడుముతూ 108 నొక్కారు. పాత ఫోను పలికింది. అంబులెన్సు వచ్చింది.

అప్పుడు ఆ ఫోను ఎందుకు పలికిందో ఆమెకు తెలియదు. కారణం తీగలోనే ఉంది. పాత ఫోనుకు ఇంటి కరెంటుతో పని లేదు. ఎక్స్‌ఛేంజిలో వరుసగా పేర్చిన 48 వోల్టుల బ్యాటరీల నుంచి, మాట వచ్చే రాగి తీగలోనే ఫోనుకు కావలసిన విద్యుత్తూ వస్తుంది. బ్యాటరీలు దిగిపోకుండా ఎక్స్‌ఛేంజిలో జనరేటరు ఉంటుంది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది అందుకే.

ఫైబర్ అంటే గాజు పోగు. దానిలో వెలుగు ప్రయాణిస్తుందే గాని విద్యుత్తు కాదు. కనుక మోడెంకు ఇంటి ప్లగ్గు నుంచే కరెంటు కావాలి. కరెంటు పోతే మోడెం ఆరిపోతుంది. దానితో పాటే ఫోనూ మూగబోతుంది. ఇంతకుముందు ఎక్స్‌ఛేంజి మోసిన భారం ఇప్పుడు ఇంటివారి మీద పడిందన్నమాట. బిల్లులో కనిపించని ఖర్చు ఇదే.

మరో సంగతీ ఉంది. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు తగ్గడానికి, పని త్వరగా కావడానికి అది మంచి ఉపాయం. కాని గాలికి స్తంభం ఒరిగితే కరెంటు, ఫోను రెండూ ఒకేసారి పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు లేక, టవర్లు పనిచేయక జనం అయినవారి క్షేమం తెలియక అల్లాడారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపానులు మన జిల్లాకు దూరపు చుట్టాలు కావు.

బ్రిటన్‌లో ఎదురైన చిక్కు

ఈ చిక్కు మనకే కాదు. బ్రిటన్‌లో రాగి తీగల ఫోను వ్యవస్థను 2025 చివరికల్లా మూసివేయాలనుకున్నారు. ఒంటరిగా ఉండే వృద్ధులు ఆపదలో నొక్కే అలారం మీటలు కొన్నిచోట్ల కొత్త లైన్ల మీద పనిచేయలేదు. దానితో 2023 డిసెంబరులో బలవంతపు మార్పిడిని ఆపించారు. గడువును 2027 జనవరికి జరిపారు. ఇంటి ఫోను తప్ప వేరే దిక్కులేని వారికి, కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీలే చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చెప్పింది. మన ఇళ్ళల్లో ఆ ఏర్పాటు మనమే చూసుకోవడం మంచిది.

నంబరు పోతుందా, ఉంటుందా?

కరెంటు తరువాత అడగవలసింది నంబరు గురించి. సెల్‌ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. ఇంటి ఫోనుకు ఆ వీలు లేదు. ఒక సంస్థను వదిలి మరో సంస్థకు వెళితే పాత నంబరు వదులుకోవలసిందే. అదే సంస్థలో రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారితే పాత నంబరు ఉంచుకునే అవకాశం ఉంటుంది. పాత కనెక్షన్ రద్దుకు కాగితం ఇవ్వకముందే ఈ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. రద్దయిన తరువాత అడిగి లాభం లేదు.

బ్యాంకు పాసుపుస్తకంలో, గ్యాస్ పుస్తకంలో, పింఛను కాగితాల్లో ఏ నంబరు ఉందో కూడా ఒకసారి చూసుకోవాలి.

కనెక్షన్ ఇచ్చేవారిని మరో మాట అడగాలి. మధ్యదారిలో ఫైబర్‌ను చీల్చే పెట్టెలకు సాధారణంగా కరెంటు అక్కరలేదు. కాని ఆపరేటరు దగ్గర ఉండే ప్రధాన యంత్రానికి కావాలి. అక్కడ బ్యాటరీ ఉందా, ఎన్ని గంటలు నిలుస్తుంది? ఇంట్లో ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నా అక్కడ దీపం ఆరితే ఇక్కడ ఫోను పలకదు.

ఇంట్లో చేసుకోవలసింది పెద్ద ఖర్చు కాదు. మోడెం సాధారణంగా 12 వోల్టుల మీద నడిచే చిన్న యంత్రం, తినే కరెంటు తక్కువ. మోడెంల కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు బజారులో దొరుకుతున్నాయి. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే మోడెం ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. వీటన్నిటికీ తోడుగా మీటల సెల్‌ఫోను ఒకటి చార్జింగుతో మంచం పక్కన ఉండాలి.

మెయిన్ ఆపి చూశారు

చివరకు మాస్టారి ఇంట్లో మార్చుకోవడానికే నిశ్చయించారు. పాత సంస్థలోనే ఫైబర్‌కు మారారు, నంబరు నిలిచింది. మోడెం ముందుగదిలోకి వచ్చింది. పాత ఫోను అల్మరా మీద అదే చోట, అదే గుడ్డ కప్పుకుని కూర్చుంది.

మొదటి సాయంత్రం కూతురు గుంటూరు నుంచి ఫోను చేస్తుండగా మాస్టారి భార్య లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపారు. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. ఫోను మాత్రం సగం మాటలో ఆగిపోయింది. మోడెం గుచ్చిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేదు. ఆ సంగతి తీగ లాగినవారు చూడలేదు, ఇంటివారూ అడగలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు మార్చాడు. పని అరగంటలో అయిపోయింది. ఆ రాత్రి ఆమె మళ్ళీ మెయిన్ ఆపి, కూతురుకు సెల్‌ఫోను మీద చెప్పి, పాత ఫోను దగ్గర కూర్చున్నారు. కొద్దిసేపటికి ఫోను మోగింది. ఆమె వెంటనే ఎత్తలేదు. నాలుగుసార్లు మోగనిచ్చి, అప్పుడు గుడ్డ తీసి రిసీవరు అందుకున్నారు.