పాత ల్యాప్‌టాప్ తెర మా అమ్మకు పలక అయింది



మాది పులివెందుల దగ్గర ఒక సుగాలి తాండా. మా నాయన జమ్మలమడుగులో ఒక ఇంటికి కాపలా ఉంటాడు. ఆ ఇంటివాళ్లు చెడిపోయిన ల్యాప్‌టాప్‌ను పాత సామాన్లాయనకు వేయబోతుంటే నాయన అడిగి తెచ్చుకున్నాడు. వేసవి సెలవుల్లో దాన్ని ప్రొద్దుటూరుకు ఎత్తుకుపోయినాము. అక్కడ మా మామ టీవీలు బాగు చేస్తాడు.

మామ తెరను ఊడదీసి వేరే బోర్డుకు తగిలించి చూసినాడు. "మదర్ బోర్డు పోయింది పాపా, తెర మాత్రం బాగుండాది" అన్నాడు. ప్రొద్దుటూరు బంగారానికి పేరు కదా. కంసాలులు ఊడ్చిన దుమ్మును కూడా పారేయరంట, దాంట్లోంచి బంగారం తీస్తారంట. "అట్లాంటి ఊర్లో ఉండి ఇంత తెరను పారేస్తామా?" అని నవ్వినాడు.

ఆ తెరను ఎట్లా వాడుకున్నామో చెబుతాను.

మొదటిది బ్యాటరీ. దాన్ని ముందే తీసేయాల. మాది పూరీ మాదిరి ఉబ్బి ఉంది. అందులో లిథియం ఉంటుంది. గుచ్చినా, వంచినా, పొయ్యిలో వేసినా భగ్గున మండుతుంది. మా తమ్ముడు మేకుతో పొడవబోతే మామ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. పాత బ్యాటరీలకు మన దేశంలో 2022లో కొత్త నిబంధనలు చేసినారు. అందుకే బ్యాటరీని చెత్తలో వేయకుండా పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకే ఇయ్యాల.

రెండోది కంట్రోలర్ బోర్డు. తెరకు నేరుగా వైరు కలిపితే బొమ్మ రాదు. ఆస్పత్రిలో డాక్టరు తెలుగులో చెప్పింది నేను మా అవ్వకు మా భాషలో చెబుతాను కదా, ఈ బోర్డు పనీ అదే. పెన్‌డ్రైవ్‌లోని బొమ్మను తెరకు తెలిసేటట్లు మార్చి ఇస్తుంది. తెర వెనక చీటీ మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు సరిపోయే బోర్డే తేవాల. లేకుంటే తెర కాలిపోవచ్చు. మా తెర ఎల్.ఇ.డి.ది. ఇంకా పాత తెరల్లో సన్నని ట్యూబులైటు ఉంటుంది. దానికి ఎక్కువ ఓల్టేజి కరెంటు పోతుంది, లోపల పాదరసం కూడా ఉంటుంది. పిల్లలు తాకకూడదు.

మూడోది 12 ఓల్టుల అడాప్టరు, ఒక చిన్న స్పీకరు. తెరకు సొంతంగా శబ్దం రాదు. మామ చెక్క చట్రంలో బిగించి, వెనక గాలి ఆడే సందు వదిలినాడు.

ఇదంతా ఎందుకంటే, మా అమ్మ ఎక్కడికి పోయినా వేలిముద్రే వేస్తుంది. నేను హాస్టల్లో ఉంటే అమ్మకు అక్షరాలు ఎవరు నేర్పాల? అందుకే నేను పలక మీద అక్షరాలు దిద్దుతుంటే మామ ఫోన్‌లో వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించినాడు. అమ్మ కూలి నుంచి వచ్చినాక అది చూస్తూ దిద్దుకుంటుంది.

పోయిన నెల అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. రిజిస్టరులో పేరులోని మొదటి రెండక్షరాలు రాసింది. మూడోది గుర్తు రాలేదు. పక్కనే వేలిముద్ర వేసింది. మేడం గారు ఆ రెండక్షరాలను కొట్టేయకుండా అట్లే ఉంచినారు.

నేస్తాలారా, ఈసారి ఇంటికి పోయినప్పుడు, చెడిపోయిన సామాను అమ్మేసే ముందు అందులో ఏది పోయిందో, ఏది బాగుందో తెలిసినవాళ్లతో చూపించండి. బ్యాటరీ జోలికి మాత్రం మీరు పోవద్దు.

ఇట్లు
తొమ్మిదో తరగతి విద్యార్థిని