పౌరసత్వ పదజాలం: ఒక భావనకు ఒకే మాట ఎందుకు అవసరం?

‘వలసదారు’ అనే మాట కనిపించినప్పుడు అది ఎవరిని ఉద్దేశించినదో తెలుగు పాఠకుడు సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. పాలమూరు నుంచి ముంబయికి పనికి వెళ్లినవారు, జగిత్యాల నుంచి దుబాయికి వెళ్లినవారు, పొరుగు దేశం నుంచి పత్రాలు లేకుండా భారత్‌లోకి వచ్చినవారు, అందరూ ఈ ఒక్క మాట కిందికే వస్తున్నారు. చట్టం దృష్టిలో ఈ ముగ్గురి స్థితి వేర్వేరు. మొదటివారు స్వదేశంలో సంచరిస్తున్న పౌరులు. ఆ స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం వారికి ఇచ్చింది. రెండవవారు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పరిధిలోకి వస్తారు. మూడవవారికి 1955 నాటి పౌరసత్వ చట్టం, 2025 నాటి ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం వర్తిస్తాయి.

పదం ఒకటే అయినప్పుడు హక్కులు, బాధ్యతలు కూడా ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. పౌరసత్వ వ్యవహారాల్లో ఆ భ్రమ ఖరీదైనది. అందుకే ఈ రంగానికి ఇంగ్లిష్-తెలుగు ప్రామాణిక పదకోశం అవసరమవుతోంది.

రాకకు, పోకకు వేర్వేరు చట్టాలు

దేశంలోకి రావడం ఇమ్మిగ్రేషన్. ఉపాధి కోసం దేశం విడిచి వెళ్లడం ఎమిగ్రేషన్. తెలుగులో రెండింటినీ వలస అనే అంటున్నారు. విమానాశ్రయంలో రాకపోకలను తనిఖీ చేసే ఇమ్మిగ్రేషన్ బ్యూరో కేంద్ర హోం శాఖ కింద ఉంది. విదేశాలకు వెళ్లే కార్మికులకు అనుమతినిచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం విదేశాంగ శాఖ కింద పనిచేస్తుంది. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు ప్రభుత్వం నోటిఫై చేసిన దేశాలకు ఉపాధి కోసం వెళ్లాలంటే సాధారణంగా ఈ రెండవ కార్యాలయం అనుమతి తప్పనిసరి. గల్ఫ్‌కు వెళ్లదలచిన కార్మికుడికి ‘వలస అనుమతి’ అని మాత్రమే చెబితే, అది వీసాయో, ఈ అనుమతియో తెలియదు. ఆ అస్పష్టత నకిలీ ఏజెంట్లకు అనుకూలిస్తుంది.

హిందీ పారిభాషిక పదజాలం ఈ భేదాన్ని ఆప్రవాసం, ఉత్ప్రవాసం అనే రెండు మాటలతో చూపుతుంది. అయితే హిందీ పదాన్ని యథాతథంగా తెచ్చుకోవడంలోనూ చిక్కు ఉంది. పౌరసత్వ చట్టంలోని ‘ఇల్లీగల్ మైగ్రెంట్’ను హిందీలో ‘అవైధ ప్రవాసీ’ అంటారు. తెలుగులో ప్రవాసి అంటే పరదేశంలో ఉంటున్న మనవాడు. ‘ప్రవాసాంధ్రులు’ అన్న మాట వాడుకలో స్థిరపడిన భాషలో ‘అక్రమ ప్రవాసి’ అన్న అనువాదం అర్థాన్ని తారుమారు చేస్తుంది.

అక్రమ వలసదారు అన్నా, చొరబాటుదారు అన్నా ఒకటేనన్న భావన కూడా సరైనది కాదు. చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే పత్రాలు లేకుండా వచ్చిన విదేశీయుడే కాక, సక్రమంగా వచ్చి అనుమతించిన గడువు దాటాక కూడా ఉండిపోయిన విదేశీయుడు సైతం అక్రమ వలసదారే. వీసా గడువు ముగిసిన విద్యార్థిని చొరబాటుదారు అనలేం.

అన్నీ ‘రద్దు’ కావు

పౌరసత్వం పోయే మార్గాలను పౌరసత్వ చట్టం మూడు సెక్షన్లలో వేరుచేసింది. పౌరుడు స్వయంగా ప్రకటన చేసి వదులుకోవడం 8వ సెక్షన్‌లోని అంశం. మరో దేశ పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించినప్పుడు భారత పౌరసత్వం దానంతట అదే ముగిసిపోవడం 9వ సెక్షన్‌లోనిది. మోసంతో పౌరసత్వం పొందడం వంటి కారణాలపై ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా తొలగించడం 10వ సెక్షన్‌లోనిది. వీటిని వరుసగా పరిత్యాగం, సమాప్తి, హరణం అనవచ్చు.

వాడుకలో మాత్రం మూడింటికీ ‘పౌరసత్వం రద్దు’ అన్న మాటే వినిపిస్తోంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న వ్యక్తికి జరిగేది సమాప్తి. అందులో శిక్ష లేదు. హరణం ప్రధానంగా నమోదు ద్వారా లేదా దేశీయకరణ ద్వారా పౌరులైనవారికి సంబంధించినది. పుట్టుకతో పౌరులైనవారికి ఆ సెక్షన్ వర్తించదు. ఈ తేడా చెప్పని వార్త అనవసర భయాన్ని కలిగిస్తుంది.

పౌరుడు కాని ‘పౌరుడు’

ప్రవాస కుటుంబాల్లో ఎక్కువ అపోహకు కారణమైన మాట ఓసీఐ. దీని పూర్తి పేరులోనే ‘సిటిజన్’ అనే పదం ఉన్నందున దీన్ని ద్వంద్వ పౌరసత్వంగా పేర్కొనడం పరిపాటి అయింది. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ఓసీఐ కార్డుదారు విదేశీ పౌరుడే. జీవితకాల వీసా సౌకర్యం ఉంటుంది గాని ఓటు హక్కు ఉండదు. వ్యవసాయ భూమి కొనుగోలు చేసే వీలు లేదు. ఎన్‌ఆర్‌ఐ మాత్రం భారత పాస్‌పోర్టు కలిగి విదేశంలో ఉంటున్న భారత పౌరుడు. ఊరిలో పొలం కొనే వీలు సాధారణంగా ఎన్‌ఆర్‌ఐకీ లేకపోయినా, ఓటు హక్కు వంటి విషయాల్లో తాను ఈ రెండింటిలో దేనికి చెందుతాడో తెలుసుకోని వ్యక్తి పొరబడే ప్రమాదం ఉంది. కనుక ఇక్కడ అనువాదం కంటే ‘ఓసీఐ కార్డుదారు’ అనే వాడుక మాటే క్షేమకరం.

‘నాచురలైజేషన్’ను సహజ పౌరసత్వం అని అనువదించడం మరో పొరపాటు. అది పుట్టుకతో వచ్చే పౌరసత్వమన్న అర్థాన్ని స్ఫురింపజేస్తుంది. నిజానికి అది విదేశీయుడు నిర్ణీత కాలం ఇక్కడ నివసించి, దరఖాస్తు చేసుకుని పొందేది. దేశీయకరణ అనే మాట దీనికి తగినది. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంతగా వచ్చి ఉండాలన్నది ఇందుకు ఒక అర్హత. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది.

కాందిశీకులు, శరణార్థులు

యుద్ధకాలంలోను, 1960లలోను బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగువారిని జనం కాందిశీకులు అన్నారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ చరిత్రకు గుర్తు. 1960లలో వచ్చినవారిని ప్రభుత్వ పరిభాష స్వదేశానికి తిరిగివచ్చినవారిగా గుర్తించింది. శరణార్థి అనే మాట పరదేశంలో ఆశ్రయం పొందినవారికి చెందినది. ఆశ్రయం కోరుతూ నిర్ణయం కోసం వేచి ఉన్నవారు ఇంకొక వర్గం. భారత్ 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అందువల్ల ఈ పదాలను వాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

పదకోశం ఎలా ఉండాలి?

శాస్త్ర, సాంకేతిక పదజాల సంఘం 1961లో ఏర్పడింది. తెలుగు అకాడమి 1968 నుంచి పారిభాషిక పదకోశాలను వెలువరిస్తూ వచ్చింది. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో రాష్ట్రపతి ప్రాధికారంతో వెలువడే అనువాదాలను ప్రామాణిక పాఠాలుగా గుర్తించేందుకు 1973లోనే చట్టం వచ్చింది. పునాది ఉన్నదనే చెప్పాలి.

యూరోపియన్ మైగ్రేషన్ నెట్‌వర్క్ రూపొందించిన పదకోశం ఈ విషయంలో పరిశీలించదగినది. అందులో ప్రతి భావనకు నిర్వచనం ఇచ్చి, వివిధ భాషల్లోని సమానార్థకాలను చేర్చారు. తెలుగు పదకోశంలోనూ ప్రతి పదానికి నిర్వచనం, సంబంధిత చట్టం, సెక్షన్ సంఖ్య, వాడకూడని పర్యాయపదాలు ఉంటే అనువాదకులకు, విలేకరులకు, న్యాయవాదులకు ఒకే ఆధారం దొరుకుతుంది. పాస్‌పోర్టు, వీసా వంటి జనం మాటలను మార్చనవసరం లేదు. చట్టాలు మారినప్పుడు పదకోశమూ మారాలి. 2025 చట్టం 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాల స్థానంలో వచ్చి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టాల పేర్లతో ఉన్న వివరణలను సవరించుకోక తప్పదు.

అటువంటి పదకోశం అందరికీ అందుబాటులోకి వచ్చే వరకు పాఠకులు పాటించదగిన నియమం ఒకటి ఉంది. పౌరసత్వానికి, విదేశీ ప్రయాణానికి సంబంధించి తెలుగులో ఏ నోటీసు, దరఖాస్తు, ఒప్పందం చేతికి వచ్చినా, అందులోని మాటను మాత్రమే నమ్మి సంతకం చేయరాదు. అది ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద వచ్చిందో అడిగి, మూలంలోని పదంతో సరిచూసుకోవాలి.